మొహం వద్దన్న ఫొటో

ఏటా మార్చిలో భద్రతా వారోత్సవాలు వస్తాయి. కాజీపల్లిలోని ఆ మందుల కంపెనీలో, ఆ వారం ఒక పొద్దున, రసాయనాల డ్రమ్ములు కడిగే షెడ్డు ముందు ఆడవాళ్లను వరుసగా నిలబెడతారు. ఒక పెద్ద అట్టపెట్టె తెచ్చి విప్పుతారు. మోచేతుల దాకా వచ్చే కొత్త రబ్బరు గ్లవ్స్, కళ్లద్దాలు, పసుపుపచ్చ టోపీలు అందులోంచి బయటికొస్తాయి. అందరూ తొడుక్కుంటారు. వెనకాల బ్యానర్ కడతారు. "కొంచెం నవ్వండమ్మా" అంటుంది దుర్గాదేవి, కెమెరా కంటికి ఆనించుకుని. వాళ్లు నవ్వుతారు. ఫొటో అయిపోగానే సూపర్‌వైజర్ శివకుమార్ అదే అట్టపెట్టె పట్టుకుని వరుస చివర నిలబడతాడు. ఒక్కొక్కరే గ్లవ్స్ ఊడదీసి అందులో వేసి, వట్టి చేతులతో షెడ్డులోకి వెళ్లిపోతారు.

ఏళ్ల తరబడి దుర్గాదేవి ఈ తంతు చూసింది. కిక్కురుమనలేదు. ఒకసారి గ్లవ్స్ తిరిగి పెట్టెలో వేస్తున్న చేతులు ఒక ఫొటోలో పడ్డాయి. శివకుమార్ కెమెరా వెనక తెర మీద అది చూసి, "ఇది తీసెయ్యక్కా, మంచిగ రాలే" అన్నాడు. మంచిగానే వచ్చిందని ఇద్దరికీ తెలుసు. ఆమె బొటనవేలు మీట మీదికి వెళ్లింది. ఫొటో పోయింది. ఆమె నోరు తెరవకపోవడానికి కారణం పెద్ద రహస్యమేమీ కాదు. పటాన్‌చెరులో ఆమె స్టూడియో నడిచేదే ఫ్యాక్టరీల గేటు పాసుల ఫొటోల మీద. ఒక కంపెనీవాళ్లు ముఖం చాటేస్తే పక్క కంపెనీవాళ్లూ చాటేస్తారు.

ఆమె తండ్రి సూర్యారావు గుడివాడ దగ్గరి పల్లె నుంచి రామచంద్రాపురంలో ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చినవాడు. ఆ క్వార్టర్లలో పుట్టి పెరిగిన దుర్గాదేవికి ఈ గడ్డే ఊరు. అయినా ఇంట్లో మాట్లాడేది అమ్మానాన్నల యాస. పెళ్లిళ్ల ఫొటోలు తీసే మేనమామ దగ్గర పని నేర్చుకుంది. పెళ్లికూతుళ్ల మొహాలు తెల్లబరచడం, తాళి కట్టే వేళ జనాన్ని తోసుకుని ముందుకెళ్లడం, ఆమెకు తెలిసిన ఫొటోగ్రఫీ అంతే, మురళీమోహన్ గారి క్లాసుకు వెళ్లేవరకూ.

మురళీమోహన్ పత్రికల్లో ఫొటోలు తీసి రిటైరైన పెద్దమనిషి. ఈ చుట్టుపక్కల స్టూడియోల వాళ్లను పోగేసి ఆదివారాలు ఉచితంగా పాఠాలు చెప్పేవాడు. గోడ మీద తెల్లగుడ్డ కట్టి, వయసులో ఉన్నప్పుడు మద్రాసులో అమెరికా వాళ్ల గ్రంథాలయంలో కూర్చుని చూసిన ఫొటోలు చూపించాడు. నూరేళ్లు దాటిన సంగతి. అమెరికాలోని బట్టల మిల్లుల్లో పసిపిల్లలు పనిచేసేవాళ్లు. ఒకప్పుడు బడిపంతులుగా చేసిన ఒక ఫొటోగ్రాఫరు ఆ మిల్లుల్లోకి ఒకచోట బైబిళ్లు అమ్మేవాడిలా, ఇంకోచోట యంత్రాల ఫొటోలు తీసేవాడిలా దూరేవాడు. పిల్ల పక్కన నిలబడి తన కోటుకు ఎన్నో గుండీ దాకా వస్తోందో చూసి ఎత్తు పట్టుకునేవాడు. జేబులో చెయ్యి పెట్టుకుని, జేబులోనే కాగితం మీద వివరాలు గిలికేవాడు. బాలకార్మిక చట్టాల కోసం కొట్లాడినవాళ్లకు ఆ ఫొటోలే ఆయుధాలయ్యాయి.

మరో ఫొటోలో ఒక తల్లి. పెద్ద మాంద్యం రోజుల్లో కాలిఫోర్నియాలో బఠానీ చేలకు కూలికొచ్చి, పంట మంచుకు మాడిపోతే గుడారం కింద పిల్లలతో కూర్చుండిపోయింది. "ఈ మొహం చూడని దేశం లేదు. కానీ ఫొటో తీసిన రోజు ఆమె పేరెవరూ అడగలేదు. నలభై ఏళ్లకు గాని పేరు బయటపడలేదు. అప్పుడామె ఏమందో తెలుసా? ఆ ఫొటో తీయకపోయుంటే బాగుండేదంది" అని చెప్పాడు మురళీమోహన్. "అయినా ఆ ఫొటోలు చూశాకే ప్రపంచంలో ఎందరో కెమెరాలు పట్టుకుని బీదవాళ్ల వాడలకు నడిచారు. నేనూ అలా నడిచినవాణ్ణే. రంగు కంటిని మోసం చేస్తుంది, నలుపు తెలుపులో తీయండి. కింద ఊరూ పనీ రాయండి. వివరం లేని ఫొటో మూగది" అన్నాడు.

ఆ తల్లి అన్న మాటను దుర్గాదేవి ఆ రోజు సరిగా చెవిన పెట్టలేదు. ఆమె తల నిండా కోటు గుండీలే. తానూ ఒక ఫ్యాక్టరీలోకి వెళ్లే మనిషే. ఏ మారువేషమూ అక్కర్లేకుండా, గేటు తీసి రానిచ్చే మనిషి.

సత్తెమ్మ అదే షెడ్డులో డ్రమ్ములు కడిగే కూలి మనిషి. గేటు పాసు ఫొటోకు స్టూడియోకు వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి అని నవ్విస్తుంది. "మొకం జెర తెల్లగ చెయ్యక్కా. గేటుకాడ గుర్తు వట్టకుంటే ఇంటికి తోలుతరు, ఒక్కరోజన్న పండుకుంట" అంటుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం దుర్గాదేవి కెమెరా పట్టుకుని కాజీపల్లిలో ఆమె కిరాయి గదికి వెళ్లింది. భర్త పోచయ్య గోడకు ఆనుకుని ఆయాసపడుతూ కూర్చున్నాడు. అతని మందులన్నీ సత్తెమ్మ ఉద్యోగం మీద వచ్చే ఈఎస్ఐ కార్డు మీదే నడుస్తాయి.

"మొకం వద్దక్కా" అంది సత్తెమ్మ ముందే. "మొకం వడ్డదంటే తెల్లారి నన్ను గేటు తొక్కనియ్యరు."

"మొహం వద్దులే. చేతులు చాలు."

"చేతులను ఎవడు గుర్తువడ్తడు. తియ్యి."

గడప మీద కూర్చుని రెండు చేతులూ కెమెరా వైపు చాపింది. డ్రమ్ముల అడుగున మిగిలే ద్రావకానికి మాడి మాడి అరచేతుల్లో చర్మం పొరలు పొరలుగా లేచిపోయింది. గోళ్లు నల్లబడి పగిలాయి. మణికట్ల దగ్గర తెల్ల మచ్చలు. దుర్గాదేవి ఊపిరి బిగబట్టి తీసింది.

స్టూడియోకు వచ్చి కంప్యూటర్‌లో రంగు తీసేసింది. నలుపు తెలుపులో ఎరుపు రంగు వాటా పెంచింది. అలా పెంచితే చర్మం తేలికపడి పగుళ్లు గీసినట్టు పైకి తేలతాయని క్లాసులో నేర్చుకుంది. నిజంగానే తేలాయి. పగుళ్లతో పాటు ఎడమ మోచేతి కింద, మామూలుగా చూస్తే పాచి మరకలా కనిపించే పచ్చబొట్టు కూడా చిక్కటి నలుపై తేలింది. చేతులు కెమెరా వైపు చాపి ఉండటంతో అది ఫొటోలో తలకిందులుగా పడింది. పల్లెల్లో ఆడవాళ్లు చేతుల మీద చుక్కలూ పూలూ పొడిపించుకుంటారు కదా, ఇదీ అలాంటిదేనని ఆమె అనుకుంది. తమ ఇళ్లలో ఎవరికీ పచ్చబొట్లు లేవు. చేతుల మీద పేర్లు కూడా ఉంటాయన్న ఊహే తట్టలేదు. పైగా ముచ్చటగా ఉందని ఇంకాస్త నలుపు పెంచింది. కింద "కాజీపల్లి, మందుల కంపెనీ, డ్రమ్ములు కడిగే కార్మికురాలు" అని రాసి మురళీమోహన్‌కు పంపింది.

ఆయన పొంగిపోయాడు. అమెరికాలో కార్మికుల ఫొటోల కోసమే వెబ్‌సైట్ నడిపే మిత్రులెవరికో పంపాడు. వాళ్లు దాన్ని అందులో పెట్టుకున్నారు. "నీ ఫొటో అమెరికా వెళ్లింది దుర్గా" అని ఫోన్ చేసి చెప్పాడు.

వెళ్లింది, తిరిగొచ్చింది కూడా. ఒక పొద్దున కాలనీ వాట్సాప్ గ్రూపులో ఆ చేతులు దుర్గాదేవికే కనిపించాయి. "మన కాజీపల్లిలోనే. ఎవరమ్మా ఈ తల్లి?" అని ఎవరో రాశారు. దాని కింద మరెవరో ఫొటోను తలకిందులు చేసి, పచ్చబొట్టు చుట్టూ ఎర్రటి గుండ్రం గీసి పెట్టారు. వంకర టింకర అక్షరాల్లో ఒక పేరు: కొమురయ్య.

కుర్చీ లాక్కుని కూర్చుంది. మొహం దాచానని సంబరపడి, మనిషికి చీటీ అంటించి ఊరేగించింది తనే. ఆ ఫొటో ఎన్ని ఫోన్లలోకి పాకిందో ఎవరు చెప్పగలరు?

మురళీమోహన్‌కు ఫోన్ చేసి తీసేయించమంది.

"తీసేయడమెందుకు? చలనం వస్తోంది కదా. ఇలాంటప్పుడే నిలబడాలి."

"నిలబడాల్సింది మీరూ నేనూ కాదు సార్, ఆవిడ. ఆ గుడారం కింది తల్లి మాట మీరే చెప్పారు కదా."

"సరేనమ్మా" అన్నాడాయన. సాయంత్రానికల్లా వెబ్‌సైట్‌లోంచి తీయించాడు. ఫోన్లలోంచి ఎవరు తీస్తారు?

మర్నాడు స్టూడియో ముందు మోటార్‌సైకిల్ ఆగింది. శివకుమార్. వాళ్లది అక్కడి పాత రైతు కుటుంబం. పొలాలు ఫ్యాక్టరీల కింద పోయాక వాళ్లే ఆ ఫ్యాక్టరీలకు కూలీలను పెట్టే కాంట్రాక్టర్లయ్యారు. కూలీలు ఉండే గదుల వరుసలూ వాళ్లవే. అతను ఎన్నడూ గొంతు పెంచడు. అదే భయం.

"బాగున్నవా అక్కా? చాయ్ చెప్పనా?"

"ఇప్పుడే తాగాను బాబూ."

"ఫొటో ఒకటి తిరుగుతుంది, చూసినవా?"

"ఏ ఫొటో?"

"ఏ ఫొటో అంటవేందక్కా! ఊరంత చూసింది, ఫొటోలోళ్లకు తెల్వదా?" నవ్వాడు. బల్ల మీద ఉన్న పాత గేటు పాసు ఫొటోలను వేలితో ఒక్కొక్కటే పక్కకు జరుపుతున్నాడు. "కంపెనీ పేరు రాయలే గాని, రాసినట్టే ఉన్నది. హైదరాబాద్ ఆఫీసు నుంచి ఒకటే ఫోన్లు. బయటి దేశంల మందులు కొనేటోళ్లు అడుగుతున్నరట. సార్లు పరేషాన్ ఉన్నరు."

ఆమె అతను జరిపిన ఫొటోలను మళ్లీ కట్టగా సర్దింది.

"కొమురయ్య అని ఎవరి పెనిమిటి ఉన్నడు, ఎవరి నాయన ఉన్నడు, కాయితాలన్ని తిరగేసినం. ఎవ్వరు లేరు. అందుకే సోమవారం హెల్త్ చెకప్ పెట్టినం. ఆడోళ్లందరి చేతులు, మోచేతుల దాక, ఫొటో తియ్యాలె. నువ్వే రావాలె."

"నేనా?"

"మరెవరక్కా? మన కంపెనీ ఫొటోలన్ని నువ్వే గద తీసేది." లేచి బండి తాళం తిప్పుతూ గుమ్మంలో ఆగాడు. "ఎవరు తీసిండ్రో గది తర్వాత చూద్దాం. ముందుగాల చేతులు దొరకాలె."

బండి చప్పుడు దూరమయ్యాక కూడా ఆమె లేవలేదు. తనపై అనుమానం ఉందా? లేకపోతే ఆ చివరి మాట ఎందుకన్నాడు? ఉంటే, సోమవారం పిలిచింది చేతుల కోసమా, తన మొహం ఎలా మారుతుందో చూడటానికా?

సత్తెమ్మ దగ్గర ఉన్నది మీటలు నొక్కే చిన్న ఫోను. ఆ ఫొటో ఆమె చూడనే లేదు. దుర్గాదేవి వెళ్లి తన ఫోను చేతికిచ్చింది. సత్తెమ్మ ఫోనును తిప్పి పట్టుకుంది. ఆమె మొహం విప్పారింది.

"ఓయమ్మ! మా అన్న పేరు! గింత మంచిగ ఎన్నడు కనవడలేదక్కా." తెర మీది అక్షరాలను వేలితో నిమిరింది. "నేను సిన్నగున్నప్పుడు ఇస్మాయిల్‌ఖాన్‌పేట జాతరల భుజాల మీద ఎత్తుకొని పోయి పొడిపిచ్చిండు. నువ్వు తప్పిపోతే నా పేరు చూసి నా తానికి తెస్తరు అన్నడు. నన్ను సాకింది ఆయననే. కామెర్లకు పోయిండు." అప్పుడు దుర్గాదేవి మొహం చూసింది. "ఏందక్కా? ఏమైంది?"

దుర్గాదేవి చెప్పింది. సోమవారం సంగతీ చెప్పింది. సత్తెమ్మ ఫోను నేల మీద పెట్టి చెయ్యి చీర కొంగు కింద దాచుకుంది, అక్కడ తామిద్దరూ పోచయ్యా తప్ప ఎవరూ లేకపోయినా.

"మొకం తియ్యనంటివి. మా అన్ననే తీస్తివి."

"చూసుకోలేదు సత్తెమ్మా. పువ్వనుకున్నాను."

"పువ్వు!" అంది సత్తెమ్మ. "పని పోతది, ఈ రూము పోతది, రూము సుత శివకుమారోళ్లదే. గీయనకు మందులు?" పోచయ్య దగ్గు ఆపుకుని వింటున్నాడు. కాసేపటికి ఆమె గొంతు మామూలుగా అయింది. "ఇస్త్రీ పెట్టె వెట్టుకుంట. చర్మం పోతె పేరు పోతది. ఎట్ల కాలిందని ఎవరడుగుతరక్కా? దినాం కాలుతనే ఉన్నయి."

"వద్దు. నీ కాళ్లు పట్టుకుంటాను, ఆ పని చెయ్యకు. నేను సోమవారం రానంటాను."

"నువ్వు రాకుంటె ఇంకోడు వస్తడు. గాడు నింపాదిగ పట్టి పట్టి తీస్తడు. నువ్వే రా."

సోమవారం దాకా దుర్గాదేవికి అన్నం సయించలేదు. ఇంట్లో ఇస్త్రీ పెట్టెను కంటికి కనపడకుండా అటక మీద పెట్టింది.

షెడ్డు పక్క గదిలో బల్ల వేసి తెల్లగుడ్డ పరిచారు. ఆడవాళ్లు చీరల మీద తొడుక్కునే మగవాళ్ల పొడుగు చేతుల చొక్కాలతో వరుసగా నిలబడ్డారు. బల్లకు అవతల దుర్గాదేవి, పక్కనే శివకుమార్. అతని అరచేతిలో ఫోను, ఫోనులో ఆ నలుపు తెలుపు చేతులు. ఒక్కొక్కరూ వచ్చి గుండీ విప్పి, చొక్కా చెయ్యి మోచేతి పైకి మడిచి బల్ల మీద పెడుతున్నారు. అతను చేతిని చూస్తాడు, ఫోను చూస్తాడు, మళ్లీ చేతిని చూస్తాడు. పొరలు లేచిన అరచేతులు. నల్లబడ్డ గోళ్లు. తెల్ల మచ్చలు. రెండో చెయ్యి మొదటిదానిలాగే ఉంది, మూడోదీ అంతే. ఎవరి చేతిని చూసినా అది ఫొటోలోని చెయ్యే. శివకుమార్ నుదుట చెమట పట్టింది. అతనికిక పచ్చబొట్టు తప్ప వేరే ఆనవాలు లేదు.

సత్తెమ్మ వచ్చింది. దుర్గాదేవి తల ఎత్తలేదు. గుండీ విప్పిన చప్పుడు వింది. కాలిన వాసన వస్తుందేమోనని ఊపిరి ఆపింది. చొక్కా చెయ్యి పైకి వెళ్లింది. చర్మం అలాగే ఉంది. కాల్చుకోలేదు.

"గిదేంది?" అన్నాడు శివకుమార్, ముందుకు వంగి.

"పచ్చవొట్టు సారూ. సిన్నప్పుడు పొడిపిచ్చిన్రు."

"ఏం రాసున్నది?"

"నాకు సదువొస్తే డ్రమ్ములెందుకు కడుగుదును?"

వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. శివకుమార్ ఫోనులోని చిక్కటి నల్ల అక్షరాలను చూశాడు. బల్ల మీద ఉన్న చేతిపై ఎండిన పాచిలాంటి మసక మరక. "పువ్వా?" అన్నాడు.

"పువ్వేనేమో."

దుర్గాదేవి ఫ్లాష్‌ను సూటిగా చర్మం మీదికి కొట్టింది, చెమట మెరిసి ఆ మరక ఇంకా వెలిసిపోయేలా. "తర్వాత!" అన్నాడు శివకుమార్.

అంతా అయ్యాక చెయ్యి చాపాడు. "కెమెరా కార్డు ఇయ్యక్కా. హైదరాబాద్ పంపాలె. ఆడ కంప్యూటర్ల పెట్టి చూస్తరట."

ఇచ్చింది. ఇవ్వనంటే ఎందుకని అడుగుతాడు. ఫ్లాష్ ఎంత తెల్లబరిచినా, రంగు తీసి ఎరుపు వాటా పెంచడం తెలిసినవాడు ఒక్కడు చాలు. పని తెలిసిన ఎవరికైనా అది చిటికెలో పని.

ఆ తర్వాత రోజూ పొద్దున్నే ఆమె స్టూడియో వదిలి కాజీపల్లి మలుపు దాకా వెళ్లి నిలబడేది. షిఫ్టుకు వెళ్లే ఆటోల్లో సత్తెమ్మ తల కనిపిస్తే వెనక్కి వచ్చేది. ఒక గురువారం ఆటో వచ్చింది. సత్తెమ్మ లేదు. ఆటోలో ఉన్నవాళ్లెవరూ దుర్గాదేవి కళ్లలోకి చూడలేదు.

హైదరాబాద్‌లో అక్షరాలు తేలాయి. ముందురోజే గేటు దగ్గర సత్తెమ్మ పాసు లాక్కున్నారు. తనంతట తానే పని మానేసిందని కాగితం పుట్టించారు. గది ఖాళీ చేయమన్నారు. దుర్గాదేవి వెళ్లేసరికి సత్తెమ్మ సామాను మూట కడుతోంది. పోచయ్య ఆయాసంతో గోడ పట్టుకుని లేవబోతున్నాడు.

"ఫొటో తీస్తాను సత్తెమ్మా" అంది దుర్గాదేవి, ఇంకేమనాలో తోచక. "ఇదంతా తీసి పేపర్లకు పంపిస్తాను."

"నీ ఫొటో నాకొద్దు" అంది సత్తెమ్మ ముడి బిగిస్తూ. "నిన్ననే సంగారెడ్డి లేబర్ ఆఫీసుల అర్జీ పెట్టిన. విచారణకు పిలుస్తరట. ఆడికి నువ్వు రా. పెట్టె తెచ్చుడు, ఫొటో తీసుడు, పెట్టె తీస్కపోవుడు, ఏండ్ల సంది చూసినవు గద. గది చెప్పు."

వస్తానంది దుర్గాదేవి. ఆ మాట అన్నప్పటి నుంచి మోటార్‌సైకిల్ చప్పుడు వినిపిస్తే చాలు, స్టూడియోలో ఆమె చేతిలోది కింద పడుతోంది. గేటు పాసుల ఫొటోలకు జనం రావడం అప్పుడే తగ్గింది. ఆమె దగ్గర రుజువు లేదు. ఉన్న ఒక్క ఫొటోనూ ఆనాడు తన వేలితోనే తుడిచేసింది. ఉన్నది నోటిమాట. ఆ షెడ్డులో మిగిలిన ఆడవాళ్లూ చేతులు చూపిస్తేనే ఆ మాట నిలుస్తుంది. వాళ్లలో ఒక్కరూ ఇంకా రామనలేదు, వస్తామనీ అనలేదు. వాళ్ల గదులూ శివకుమార్ వాళ్లవే.

చదువుతున్న మీరు ఈ పనులు చేయండి. ఇలాంటి చేతుల ఫొటో మీ ఫోనులోకి వస్తే జాలి బొమ్మ జోడించి ఇంకొకరికి తోయకండి. ఆ మనిషి ఎవరో కనిపెట్టాలని తిప్పి తిప్పి చూడకండి. దానికి బదులు ఫ్యాక్టరీల తనిఖీ అధికారికి మీ పేరుతో ఒక ఉత్తరం రాయండి. వారోత్సవాల రోజున కాకుండా, చెప్పాపెట్టకుండా వచ్చి డ్రమ్ములు కడిగే ప్రతి షెడ్డులోనూ అందరి చేతులూ చూడమని అడగండి. దగ్గర్లోని తెల్లాపూర్ అపార్టుమెంట్లలో ఉండేవాళ్లు, పటాన్‌చెరు దుకాణాలవాళ్లు, గేటు లోపలికి వెళ్లొచ్చే డ్రైవర్లు, ఎలక్ట్రీషియన్లు, ఆ అట్టపెట్టెను చూసినవాళ్లు ఎవరున్నా సరే, విచారణ రోజున సంగారెడ్డికి రండి. వచ్చి సత్తెమ్మ వెనక నిలబడండి. షెడ్డు ఆడవాళ్లు ఆఫీసు గుమ్మం దాకా వచ్చి మీరున్నారా లేదా అని చూస్తారు. లేకపోతే వెనక్కి తిరిగిపోతారు.